సేవకు తగిన బతుకు – డోర్నకల్ అజరయ్య గారు

మా హాస్టల్‌లో రాత్రి హాజరు పిలిచేటప్పుడు అజరయ్య అనే పేరు రెండుసార్లు వినపడేది. ఒకడు పొడుగు, ఇంకొకడు పొట్టి. రిజిస్టర్‌లో ఒక పేరు పక్కన ఒకటి అని, రెండో పేరు పక్కన రెండు అని రాసుకునేవారు. ఆ పేరు ఎక్కడిదని మేము ఎన్నడూ అడగలేదు. రామయ్య, నరసయ్య, ఎంకయ్య లాగా చివర అయ్య ఉంది కాబట్టి అదీ మన పేరేననుకున్నాం. మా ఊళ్ళో మా నాయనమ్మ వరసలో కూడా ఒక అజరయ్య తాత ఉండేవాడు.

పెద్ద చదువుకు వచ్చాక తెలిసింది, అది హీబ్రూ పేరని. బైబిల్లో దానియేలుకు ముగ్గురు స్నేహితులు. వారిలో ఒకరి పేరు తెలుగు బైబిల్లో అజర్యా అని ఉంటుంది. ఆ పేరు పెట్టుకున్న ఒక తమిళ మనిషి మన తెలుగు పల్లెలకు వచ్చి ముప్పై అయిదేళ్ళు తిరిగాడు. ఆయన పోయాక మన వాళ్ళు తమ పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు. పలికీ పలికీ దాన్ని సొంతం చేసుకున్నారు. పరాయి దేశపు పేరు పల్లె పేరుగా మారిందంటే ఆ మనిషి ఎలా బతికి ఉండాలి? ఆ ప్రశ్నే మా చేత ఈ వ్యాసం రాయించింది.

ఇది మతం గురించి చెప్పాలని రాస్తున్నది కాదు. మన హాస్టల్‌లో దేవుడి పటం ముందు అగరొత్తి పెట్టేవాళ్ళున్నారు, ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, ఏ దేవుడూ వద్దనేవాళ్ళూ ఉన్నారు. అందరూ చదవవచ్చు. దేవుని సేవకు తగినట్టు పరిశుద్ధంగా బతకడం అంటే ఏమిటో ఒక మనిషి జీవితంలో చూద్దామని మా ప్రయత్నం.

పుట్టుక, చదువు

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి సీమలో వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ పల్లెలోనే గురువు. తల్లి ఎలెన్ గారు. కుటుంబం నాడార్ కులం. ఈనాడు నాడార్లంటే వ్యాపారాల్లో, చదువుల్లో పైకి వచ్చినవారని మనకు తెలుసు. ఆ రోజుల్లో మాత్రం వారిని తాటిచెట్లెక్కే వారని చిన్నచూపు చూసేవారు. పెద్ద గుళ్ళలోకి రానిచ్చేవారు కాదు. అంటే అజరయ్య గారు వెలి అంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకున్న మనిషి కాదు.

పదిహేనేళ్ళ వయసులో తండ్రి చనిపోయారు. తల్లి ఆయన్ని భక్తిలో, క్రమశిక్షణలో పెంచారు. మనలాగే ఆయన కూడా ఇల్లు వదిలి బోర్డింగు బడిలో ఉండి చదువుకున్నారు. క్రైస్తవుల బడే అయినా అందులో కులాల గొడవలు ఉండేవి. చదువుకునే రోజుల్లోనే ఆయన తోటి విద్యార్థులతో కలిసి, ఆ గొడవలు పోగొట్టాలని ఒక చిన్న సంఘం పెట్టుకున్నారు. మిత్రులారా, ఈ మాట గుర్తు పెట్టుకోండి. దీని దగ్గరికి మళ్ళీ వద్దాం.

తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో లెక్కల శాస్త్రం చదివారు. చివరి పరీక్షల సమయంలో జబ్బు పడ్డారు. డిగ్రీ పట్టా చేతికి రాలేదు. ఆయన మళ్ళీ ఆ పరీక్షల కోసం వెనక్కి వెళ్ళలేదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం మేమే. మా అమ్మ దాన్ని బియ్యం డబ్బా వెనక పాలిథిన్ కవరులో చుట్టి దాచింది. పట్టా విలువ మాకు తెలుసు కాబట్టి, అది లేకుండా పోయిన మనిషి బాధ కూడా కొంత తెలుసు. ఆ మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆయన మాత్రం ఆ సంగతి పక్కన పెట్టి పల్లెలు తిరిగారు.

సిగ్గుపడిన రోజు

1895లో ఆయన వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరారు. దక్షిణాది పట్టణాలన్నీ తిరిగి యువకుల్ని కలుసుకునేవారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. దక్షిణ దేశంలో కాలేజీ మెట్లెక్కిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నం తీసుకోలేదు. పెళ్ళి ఖర్చు కూడా చాలా తక్కువలో ముగించారు. చదువుకున్న పెళ్ళికొడుక్కి ధర పలికే రోజులు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మనలో ఉద్యోగం రాగానే రేటు పెరిగిందని సంబరపడేవాళ్ళు ఈ ఒక్క ముక్క రెండుసార్లు చదవండి.

1902లో ఆయన సిలోను దేశంలోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ మనుషుల్ని బయటి ఊళ్ళకు సేవకు పంపుతున్నారు. అది చూసి ఆయన సిగ్గుపడ్డారు. తిరునెల్వేలిలో అన్ని వేల మంది క్రైస్తవులుండి, ఒక్కరినైనా అలా పంపలేదు. అన్నీ తెల్లదొరలే పెట్టాలి, అన్నీ వాళ్ళే చేయాలి అని కూర్చున్నాం కదా అని బాధపడ్డారు. ఆ బాధను మాటలతో పోనివ్వలేదు. 1903 ఫిబ్రవరిలో తోటివారితో కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. డబ్బు మనది, మనుషులు మనవాళ్ళు, నడిపేదీ మనమే అన్నది దాని నియమం. 1905 డిసెంబరు 25న బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడు కూడా ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు.

తిరునెల్వేలి సొసైటీ తమ పనికి నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకుంది. ఈనాడు అది తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఉంది. అప్పట్లో చుట్టూ అడవి, మధ్యలో సింగరేణి బొగ్గు గనుల వైపు రైలు చీలే జంక్షను. కొన్నేళ్ళు మనుషుల్ని పంపిన తర్వాత అజరయ్య గారికి ఒక ప్రశ్న వచ్చింది. ఇతరుల్ని వెళ్ళమని చెబుతూ తాను పట్నంలో ఉండడం సబబేనా? 1909లో ఆయన పెద్ద పదవి వదులుకుని, గురువుగా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ చేరారు. అప్పటికి ముప్పై అయిదేళ్ళు. తమిళం మాతృభాష. ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ వయసులో తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు.

ఎడిన్‌బరో సభ

1910 జూన్‌లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యి మందికి పైగా ప్రతినిధులు. వాళ్ళలో ఆసియా నుండి వచ్చినవారు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది. వారిలో అజరయ్య గారు ఒకరు. విదేశీ మిషనరీలకు, దేశీయ సేవకులకు మధ్య సంబంధం గురించి మాట్లాడమన్నారు.

ఆయన మెత్తని మనిషి. అయినా ఆ రోజు దాచుకోకుండా మాట్లాడారు. మీరు మా దేశానికి వచ్చి త్యాగాలు చేశారు, కష్టపడ్డారు, అందుకు మేము కృతజ్ఞులం. కాని మాతో కలిసి కూర్చోరు, మమ్మల్ని మీ ఇంటికి పిలవరు, మీ బల్ల మీద అన్నం పెట్టరు. మాకు కావలసింది మీ స్నేహం. ఆయన చెప్పిన దాని సారం ఇది. హాలంతా నిశ్శబ్దమైంది. కొందరికి కోపం వచ్చింది. తమ ఉప్పు తిని తమనే అంటాడా అనుకున్నవారున్నారు. నిజమే చెప్పాడని ఒప్పుకున్నవారూ ఉన్నారు. నూరేళ్ళు దాటినా ఆ ప్రసంగాన్ని ప్రపంచం మర్చిపోలేదు.

సాయం చేయడం వేరు, పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు. మన ఊళ్ళలో పాత బట్టలిచ్చేవారు, మిగిలిన కూర పెట్టేవారు ఉంటారు. గడప లోపలికి మాత్రం పిలవరు. అజరయ్య గారు సముద్రాలు దాటి వెళ్ళి చెప్పిన మాట మా నాయనమ్మకు చిన్నప్పటి నుండీ తెలిసిన మాటే.

మొదటి భారతీయ బిషప్

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. తెల్లవారి మీద ఒక నల్లవాడు అధికారం చేయడమా అని కొందరు మిషనరీలు అడ్డుపడ్డారు. మన దేశీయ క్రైస్తవుల్లో కూడా కులం చూసి ముఖం చిట్లించినవారున్నారు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు మాత్రం పట్టుబట్టి ఆయన వెంట నిలబడ్డారు.

మొదట డోర్నకల్ అధ్యక్ష మండలం చిన్నది. తర్వాత 1920ల్లో కృష్ణా తీరం నుండి నంద్యాల వైపు దాకా పెరిగింది. సగం నిజాం రాజ్యం, సగం ఆంగ్లేయుల రాజ్యం. ఎడ్లబండి మీద, సైకిల్ మీద, కాలినడకన పల్లె పల్లెకూ వెళ్ళేవారు. ఆయన వెళ్ళింది ఎక్కువగా మాల, మాదిగ పల్లెలకు. చెరువు గట్టు అవతల, ఊరి చివర ఉండే పల్లెలకు. బిషప్పు అంగీ వేసుకున్న మనిషి మన చాప మీద కూర్చుని మన చంటిబిడ్డను ఎత్తుకోవడం ఆ రోజుల్లో ఎంత పెద్ద సంగతో ఊహించుకోండి.

బాప్తిస్మం పొందినవారితో ఆయన ఒక పని చేయించేవారు. ప్రతి ఒక్కరూ తమ చెయ్యి తమ తల మీద పెట్టుకుని, ఇకనుండి ఈ సువార్తను నలుగురికీ తెలియజేయడం తమ బాధ్యత కూడానని పలకాలి. చదువు రాని కూలీ అయినా, ముసలమ్మ అయినా సరే. సేవ అనేది జీతగాళ్ళ పని కాదు, అందరిదీ అని ఆయన నమ్మకం. 1935 నాటికి ఆయన కింద సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు పనిచేసేవారు. ఆ ఉపాధ్యాయుల్లో ఎక్కువమంది మన పల్లెల నుండి వచ్చినవారే. మన తాతల్లో అక్షరం ముక్క వచ్చినవారు ఎవరైనా ఉంటే, ఇలాంటి పల్లె బడిలో నేర్చుకున్నవారు చాలామంది.

పరిశుద్ధత అంటే

ఇప్పుడు అసలు విషయం. మన దేశంలో శుద్ధి అనగానే మడి గుర్తుకొస్తుంది. మడి అంటే ముట్టుకోకుండా దూరం జరగడం. ఆ దూరం ఎవరి నుండి? మన నుండే. అందుకని పరిశుద్ధత అనే మాట వింటేనే మనలో కొందరికి ఒళ్ళు మండుతుంది. అందులో తప్పు లేదు.

అజరయ్య గారు ఆ మాటను బతికిన తీరు వేరు. ఆయన పరిశుద్ధతలో దూరం జరగవలసింది చెడ్డ అలవాటు నుండి. దగ్గరకు జరగవలసింది మనిషికి. మురికి, రోగం, అప్పు, తాగుడు ఈ నాలుగూ పల్లెను పట్టి పీడించే దయ్యాలని ఆయన అనేవారు. వాకిలి ఊడ్చుకోవడం, బిడ్డకు స్నానం చేయించడం, షావుకారు దగ్గర వేలిముద్ర వేయకపోవడం, కల్లు దుకాణం దాటి ఇంటికి రావడం ఆయన లెక్కలో భక్తిలో భాగాలే. సహకార సంఘాలు, వైద్యశాలలు, వృత్తి నేర్పే బడులు పెట్టించింది అందుకే. అన్బు గారు స్త్రీలను కూడగట్టి, తల్లుల కూటములు నడిపి, ఇళ్ళ లోపలి మార్పుకు పాటుపడ్డారు.

ఇవ్వడం కూడా ఆయన నేర్పిన భక్తిలో ఒకటి. ఎంత పేదవాడైనా ఇవ్వగలడని ఆయన నమ్మారు. క్రైస్తవులు ఎలా ఇవ్వాలో చెబుతూ ఒక పుస్తకమే రాశారు. మా నాయనమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టాక, చేటలోని బియ్యంలో నుండి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. ఇంట్లో రెండు పూటలకు బియ్యం చాలని రోజు కూడా ఆ పిడికెడు మానలేదు. ఆదివారం ఆ కుండ చర్చికి వెళ్ళేది. చిన్నప్పుడు మాకు కోపం వచ్చేది. మనకే లేకపోతే దేవుడికెందుకని అడిగేవాళ్ళం. తీసుకోవడం ఒక్కటే తెలిసిన మనిషికి తల ఎత్తడం రాదని ఇప్పుడు అర్థమైంది. ఆ కుండ మా నాయనమ్మను ఇచ్చేవాళ్ళ వరసలో నిలబెట్టింది.

ఈ బతుకు మార్పును ఊరు చూసింది. 1920ల చివర నుండి ఆయన ప్రాంతంలో ఇతర కులాలవారు కూడా వందలుగా క్రైస్తవ సంఘాల్లోకి వచ్చారు. వారు చెప్పిన కారణం ప్రసంగాలు కాదు. ఊరి చివర మాల, మాదిగల ఇళ్ళలో వచ్చిన మార్పు కళ్ళారా చూసి వచ్చామన్నారు. సేవకు తగిన జీవితం అంటే ఇదే కావచ్చు. నోరు తెరవకముందే నడత మాట్లాడాలి.

అందరూ మెచ్చుకున్నారని కాదు. దళితుల మతమార్పిడి విషయంలో 1936, 1937లలో గాంధీజీకి, ఆయనకు గట్టి అభిప్రాయభేదం వచ్చింది. తమకేది మంచిదో ఎంచుకునే తెలివి పల్లె ప్రజలకు ఉందని అజరయ్య గారి పట్టు. అదే మనిషి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. సంఘం ఉన్నది సేవకు గాని పదవులు పంచుకోవడానికి కాదని ఆయన అభిప్రాయం. ఆ విషయంలో ఆయనతో ఏకీభవించనివారు అప్పుడూ ఉన్నారు, మనలోనూ ఉంటారు.

ఆయన్ని బాగా బాధపెట్టిన విషయం ఇంకొకటుంది. 1935లో డాక్టర్ అంబేడ్కర్ గారు తాను హిందువుగా చనిపోనని యేవలాలో ప్రకటించారు. క్రైస్తవంలోకి వస్తే మేమంతా ఒకటిగా ఉండగలమా, మీరే ఇన్ని ముక్కలుగా ఉన్నారు కదా అనే ప్రశ్న అప్పుడు అజరయ్య గారి ముందుకు వచ్చింది. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. 1919లో తరంగంబాడిలో మొదలైన సంఘాల ఐక్యత చర్చలకు ఆయనే ఒక మూలపురుషుడు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. చూడడానికి ఆయన లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు.

మా తప్పు

ఇప్పుడు మా సంగతి. మేము పదో తరగతి చదివేటప్పుడు మా హాస్టల్‌లో రాత్రి భోజనానికి రెండు బంతులు ఉండేవి. ఒకటి ముందు వరండాలో, ఒకటి వెనక వరండాలో. ఎవరూ నియమం పెట్టలేదు. అందరికీ తెలుసు. ఊరంతా మనల్ని ఒకే వైపుకు నెట్టింది కదా, ఆ వైపున మళ్ళీ మనమే గీత గీసుకున్నాం. మేము ఏ వరండాలో కూర్చునేవాళ్ళమో ఇక్కడ రాయడం లేదు. ఏ వరండా అయినా తప్పు ఒక్కటే.

ఒకరోజు వర్షం పడుతోంది. వెనక వరండా కురుస్తోంది. ఏడో తరగతి పిల్లవాడొకడు, హాజరులో రెండో అజరయ్య, పళ్ళెం పట్టుకుని మా బంతి చివర కూర్చున్నాడు. మేము ఏమీ అనలేదు. పళ్ళేలు తీసుకుని లేచి అవతలకు జరిగాం. అంతే. వాడు తల వంచుకుని తిన్నాడు. సాంబారు కోసం మళ్ళీ లేవలేదు. సంక్రాంతి సెలవులకు వెళ్ళినవాడు తిరిగి రాలేదు. ఆ రాత్రి వల్లే రాలేదని చెప్పలేం. కాదని కూడా చెప్పలేం. మాలో ఇద్దరు ముగ్గురు ఆదివారం చర్చిలో పాట పాడేవాళ్ళు కూడా ఆ రాత్రి పళ్ళెం పట్టుకుని లేచినవాళ్ళే.

డిగ్రీలో చేరాక ఒక పరీక్ష రాసి వస్తూ డోర్నకల్ జంక్షన్‌లో రైలు కోసం ఆగాం. చాలా టైముంది. నడుచుకుంటూ ఎపిఫనీ కేథడ్రల్ చూడడానికి వెళ్ళాం. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన కట్టడం. చూస్తే గుడి పోలికలున్నాయి, మసీదు పోలికలున్నాయి, లోపల సిలువ ఉంది. ఈ దేశపు మట్టిలో పుట్టినట్టే ఉండాలని ఆయన కట్టించారు. ఆయన సమాధి కూడా ఆ ఆవరణలోనే ఉంది. దాని ముందు నిలబడి పేరు చదివాం. అజరయ్య. మాకు ఆ బిషప్పు గుర్తుకు రాలేదు. పళ్ళెం ముందు తల వంచుకున్న పిల్లవాడు గుర్తుకొచ్చాడు. మాలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. స్టేషను దాకా మాట్లాడకుండా నడిచాం.

ఆ తర్వాతే ఆయన గురించి చదవడం మొదలుపెట్టాం. ఆయన సంఘాల్లో కూడా కొన్నిచోట్ల మాలలు, మాదిగలు పక్కపక్కన కూర్చోవడానికి ఇష్టపడలేదు. ఆయన ఒకే పాత్ర, ఒకే రొట్టె అని పట్టుబట్టారు. పూర్తిగా గెలిచారని చెప్పలేం. బోర్డింగు బడిలో మొదలుపెట్టిన పనిని చచ్చేదాకా వదల్లేదని మాత్రం చెప్పగలం. హాస్టల్‌లో ఉండే వయసులో ఆయన గీత చెరపడం మొదలుపెట్టారు. అదే వయసులో మేము గీత అవతలికి జరిగాం.

హాస్టల్ తమ్ముళ్ళారా, వార్షికోత్సవానికి వచ్చినప్పుడు చూశాం, రెండు వరండాలూ ఇంకా ఉన్నాయి. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో అడగలేదు. అడగడానికి మాకు ధైర్యం చాలలేదు. మీరు ఏ దేవుణ్ణి మొక్కినా, ఎవరినీ మొక్కకపోయినా, వాన పడినా పడకపోయినా, ఒకే బంతిలో కూర్చోండి. మేము చేయలేనిది మీరు చేస్తే ఈ హాస్టల్ అన్నం మాకు అరుగుతుంది.

రెండో అజరయ్యా, ఈ సంచిక ఎక్కడైనా నీ చేతిలో పడితే, మా పక్కన నీ చోటు ఖాళీగానే ఉంది. వచ్చి కూర్చో తమ్ముడూ.